తిరిగి వచ్చే ఉద్దేశం

సమీక్షకు నలభై మూడు రోజులు

మెట్ట నుంచి వారానికోసారి సామాన్లు తెచ్చే పంటు పొద్దున్నే వచ్చింది. నీళ్ళ గొట్టానికి వాషరు వచ్చింది, పిల్లలకు పలకలు వచ్చాయి, అడగని దోమతెరలు కూడా వచ్చాయి. బియ్యం రాలేదు.

మెట్ట నిధి ఆఫీసుకు ఫోన్ చేశాను. మీ దగ్గర బియ్యం నిండుగా ఉన్నట్టు నమోదైంది, పొదుపుగా వాడుతున్నందుకు అభినందనలు అన్నారు. వంటింట్లోకి వెళ్ళి అప్పాయమ్మను అడిగితే తేలింది. పోయిన వారం ఆవిడ ఖాళీ డబ్బా చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, "మాణిక్యం, బియ్యం నిండుకున్నాయే" అని కేకేసిందట. చెవి వింది. నిండుకున్నాయని రాసుకుంది.

ఇంట్లో బియ్యం లేవు అనకూడదని మా అమ్మమ్మల నాటి పట్టింపు. లేవంటే నిజంగానే లేకుండా పోతాయని భయం. అందుకని అయిపోయినప్పుడు నిండుకున్నాయంటాం. ఈ సంగతి చెవికి ఎవరు చెబుతారు?

చెవి అంటే మా గుమ్మం పైన బిగించిన చిన్న పళ్ళెం లాంటి యంత్రం. నిధివాళ్ళు పెట్టించారు. లోపలికి వచ్చేవాళ్ళ మాటలూ బయటికి పోయేవాళ్ళ మాటలూ విని కాగితాలన్నీ అదే నింపుకుంటుంది. మా పని తేలిక చేయడానికట. దానికి యాసలన్నీ వచ్చు. అర్థాలే రావు.

ఈ రోజువారీ పుస్తకం చేత్తో రాయమన్నది కూడా వాళ్ళే. చేతిరాతలో వార్డెన్ మనసు తెలుస్తుందట. పద్నాలుగేళ్ళుగా రాస్తున్నాను. ఎవరైనా చదివిన దాఖలా లేదు కాబట్టి మనసు రాయడానికి భయమూ లేదు.

మధ్యాహ్నం నాచుపిండి జావ కాచుకున్నాం. పిల్లలు మూతులు ముడిచారు. నేనూ ముడిచేదాన్నే గానీ వార్డెన్‌ని కదా.


సమీక్షకు ముప్పై ఏడు రోజులు

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఈ రోజు నిధి నుంచి నోటీసు వచ్చింది.

మా ఆశ్రయం పేరు ఒడ్డు. సముద్రం ఎక్కొచ్చాక మా ఊళ్ళో మిగిలింది పన్నెండు సిమెంటు దిమ్మెలు. వాటిలో ఏడో దిమ్మె మీద మేమున్నాం. పదకొండు మంది ఆడవాళ్ళు, ఆరుగురు పిల్లలు. అందరూ మొగుళ్ళ దెబ్బలు తప్పించుకుని వచ్చినవాళ్ళే. నేనూ అలాగే వచ్చాను, ఇరవై రెండేళ్ళ కిందట. వచ్చి ఉండిపోయాను. మా నీళ్ళు, మా కరెంటు, మా తిండి అన్నీ మెట్ట నిధి దయ. అడుక్కునేవాడికి అరవై ఊళ్ళు అనేవారు. ఇప్పుడు ఊళ్ళన్నీ మునిగి, అడగడానికి మెట్ట ఒక్కటే మిగిలింది.

నోటీసులో ఉన్నది ఇది. ఈ ఏడాది ఒడ్డు నుంచి పంతొమ్మిది మంది వెళ్ళారు. పంతొమ్మిది మందికీ తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్నట్టు నమోదైంది. అంటే ఒక్కరు కూడా తమ కాళ్ళ మీద నిలబడలేదన్నమాట. అలాంటివాళ్ళు మూడో వంతు దాటితేనే నిధి ఆపేస్తారు. మావి పంతొమ్మిదికి పంతొమ్మిది. సమీక్ష రోజుకల్లా మారకపోతే మా వాటా వేరే ఆశ్రయానికి పోతుంది, మా నీళ్ళ గొట్టం కట్టేస్తారు.

నాకు ఒళ్ళు మండింది. ఆ పంతొమ్మిది మందిలో వీరవేణి ఇప్పుడు సొంతంగా కుట్టుమిషను నడుపుతోంది. ఇంకొకతె నాలుగో దిమ్మె బడిలో పంతులమ్మ. తిరిగి రావడమేమిటి?

స్టూలు వేసుకుని, చెవి దాచుకున్న మాటలన్నీ వెనక్కి తిప్పి విన్నాను. పంతొమ్మిది గొంతులు, ఒకదాని తర్వాత ఒకటి, సంచులు సర్దుకుంటూ, ముక్కులు ఎగబీలుస్తూ.

"ఎల్లొస్తానక్కా."

"వెళ్ళొస్తానండి మాణిక్యంగారూ."

"అప్పాయమ్మత్తా, ఎల్లొస్తా."

ప్రతి మాట వెనకాలా నా గొంతు: "మంచిది, వెళ్ళిరామ్మా."

వెళ్ళి, వస్తా. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే చెవి రాసుకుంది. దాని తప్పేముంది?

పనిలో పనిగా వచ్చిన రోజు కాగితాలు కూడా చూశాను. నూకరత్నం కాగితంలో భర్త వృత్తి అన్నచోట "చేతిపని" అని ఉంది. ఆ పిల్ల వచ్చిన రోజు వాచిన పెదవితో చెప్పిన మాట నాకు గుర్తుంది. "రోజూ సెయ్యి సేసుకుంటాడక్కా" అంది.

దిద్దుదామంటే దిద్దే అధికారం వార్డెన్‌కు లేదు.


సమీక్షకు ముప్పై ఐదు రోజులు

నిధి ఆఫీసులో మా దిమ్మెల పని చూసే అబ్బాయి పేరు ధీరజ్. నెమ్మదస్తుడు. మొత్తం విని నవ్వాడు. తర్వాత నవ్వినందుకు సారీ చెప్పాడు.

"మీరు చెప్పింది కరెక్టే మేడమ్. మా ఇంట్లో కూడా అలాగే అంటారు. కానీ ఆ యంత్రాన్ని ఇక్కడ ఎవరూ ముట్టుకోకూడదు. మార్చాలంటే వచ్చే ఏడాది కమిటీలో పెట్టాలి."

"అప్పటిదాకా మేం నీళ్ళు తాగొద్దా బాబూ?"

"ఒక దారుంది మేడమ్. సమీక్షకు ముందు ఐదు వారాల్లో వెళ్ళినవాళ్ళ మాటలే లెక్కలోకి వస్తాయి. అంటే ఇవాళ్టి నుంచి. వాళ్ళతో స్పష్టంగా అనిపించండి. 'నేను వెళ్తున్నాను, ఇక రాను.' అంతే. యంత్రం మీద పచ్చలైటు వెలుగుతుంది."

"బయల్దేరుతున్నా అంటే సరిపోదా?"

"అది అస్పష్టం కింద పోతుంది మేడమ్. అస్పష్టం కూడా ఎరుపే. ఇంకోటి, మీరు కూడా వెళ్ళిరా అనకండి. అది మీ మాట కూడా వింటుంది."

సరేనన్నాను. ఏం చేయను? అతను గొంతు తగ్గించి, "మరి ఉంటాను మేడమ్" అని ఫోన్ పెట్టేశాడు. ఉంటానంటూనే పోయాడు. ఆ మాట ఏ చెవీ రాసుకోదు.


సమీక్షకు ముప్పై నాలుగు రోజులు

పొద్దున ఉప్పు పేరుకున్న సోలారు పలకలు కడిగాక అందరినీ హాల్లో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. నేను వెళ్తున్నాను, ఇక రాను. ఏదీ, అందరూ అనండి.



అప్పాయమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నా కంటే ముందు నుంచి ఈ వంటింట్లో ఉంది. "ఏటే మాణిక్యం, బుద్ధుందా? అలా సెప్పి గడప దాటేది పాడెక్కినోళ్ళే. బతికున్నోళ్ళ సేత అనిపిత్తావా?"

"అనకపోతే నీళ్ళు ఆపేస్తారు పిన్నీ."

"ఆపేత్తే సముద్రం తాగుదాం. నా నోటితో మాత్రం అన్ను."

"నువ్వు వెళ్ళడం లేదు కదా, నువ్వెందుకు అనడం?"

ఆవిడ వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా సర్దింది.

తర్వాత ఒక్కొక్కరే ప్రయత్నించారు. ఒకతె "వెళ్తున్నా" అని ఆగి, ఊపిరి బిగబట్టి, చివరికి "...నక్కా, మళ్ళీ వస్తా" అనేసింది. ఇంకొకతె ఇక రాను అన్నాక చెంపలు వేసుకుంది. నవ్వులాటగా మొదలై సాయంత్రానికి అందరికీ తలనొప్పి పట్టుకుంది. నూకరత్నం ఒక్కతే తడుముకోకుండా అనేసింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. చెయ్యకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో మూడేళ్ళు నేర్చుకుంది మరి.

"బాగా అన్నావు" అన్నాను. ఆ పిల్ల మొహం విప్పారింది.


సమీక్షకు ఇరవై ఎనిమిది రోజులు

నూకరత్నం ఈ రోజు వెళ్ళింది. మూడో దిమ్మె మీద పలకలు కడిగే పని దొరికింది, పక్కనే ఒక గది. దుప్పటి, రెండు చీరలు, అప్పాయమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా. మొగుడు రెండో దిమ్మె మీద ఉంటాడు. దగ్గరేనని నాకు భయంగానే ఉంది. కానీ ఈ రోజుల్లో పని దొరకడమే గగనం.

గుమ్మం దగ్గర నిలబడి నా వైపు చూసింది. నేను చెవి వైపు చూశాను. ఆ పిల్లకు అర్థమైంది.

"నేను వెళ్తున్నానక్కా. ఇక రాను."

పచ్చలైటు వెలిగింది. "నిష్క్రమణ నమోదైంది. తిరిగి వచ్చే ఉద్దేశం: లేదు" అంది చెవి.

వెళ్ళిరామ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ కింద నొక్కిపెట్టి తల ఊపాను. ఆ పిల్ల ఇంకా ఏదో కోసం చూస్తున్నట్టు కాసేపు నిలబడి, పంటు కూత వినపడగానే వెళ్ళిపోయింది.

తలుపు వేశాక అప్పాయమ్మ నాతో మాట్లాడలేదు. భోజనాల దగ్గర కూడా మాట్లాడలేదు.


సమీక్షకు ఇరవై రోజులు

మరో ముగ్గురు వెళ్ళారు. అన్నీ పచ్చలే. బియ్యం వచ్చాయి, కందిపప్పు కూడా వచ్చింది. నిధివాళ్ళ పత్రికలో మా గురించి నాలుగు లైన్లు వేశారు. ఒడ్డు ఆదర్శ ఆశ్రయమట, మా మార్గదర్శకత్వంలో మహిళలు దృఢంగా మాట్లాడుతున్నారట.

అన్నం తింటే అన్నంలాగే ఉంది. చాలా రోజుల తర్వాత పిల్లలు మారు అడిగారు. మనం చేసింది తప్పేమీ కాదని నాకు నేను చెప్పుకున్నాను. రెండు మాటల కోసం ఇంతమంది కడుపులు మాడ్చాలా? పాము చావకుండా, కర్ర విరగకుండా గట్టెక్కాం కదా.

రాసినంత ధైర్యంగా లేదు.


సమీక్షకు పన్నెండు రోజులు

దిమ్మెల మధ్య రోజూ పంటు నడిపే పోలయ్యగారు బియ్యం మూటలు దించకుండా ముందు నా దగ్గరికి వచ్చారు. తువ్వాలు తీసి నలుపుతున్నారు.

"మేడంగారూ, మూడో దిమ్మె రేవులో మీ అమ్మాయి కూకుందండి. నూకరత్నం. మొన్నట్నించి టికెట్ల షెడ్డు కిందే ఉందండి. సెయ్యి గుడ్డతో కట్టుకుంది. రెండుసార్లు ఎక్కమన్నానండి. ఎక్కలేదు."

"ఎందుకు?"

"ఏడో దిమ్మెకి నేను రాకూడదు బాబాయ్ అంటందండి. నాకర్థం కాలేదు."

నాకు అర్థమైంది. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు, అదే పంటు ఎక్కాను.

షెడ్డు కింద గోడకు ఆనుకుని ఉంది. కుడిచెయ్యి మోచేతి కింద వంకర తిరిగి వాచిపోయింది. నన్ను చూసి లేవబోయింది. ఏదో తప్పు చేసి దొరికినట్టు.

"ఎప్పుడు జరిగింది?"

"మొన్నక్కా. గది కనిపెట్టేసేడు. సెయ్యి సేసుకున్నాడు."

"రెండు రోజులు ఇక్కడే కూర్చున్నావటే. పంటు మన గుమ్మం ముందే ఆగుతుంది కదా. ఎందుకు రాలేదు?"

నూకరత్నం నా మొహంలోకి చూడలేదు. "ఇక రానని సెప్పేసేను కదక్కా. అది రాసేసుకుంది కదా. ఇప్పుడు నేనొస్తే మీకు నీళ్ళు కట్టేత్తారు. పిల్లలున్నారు."

నేను దాని పక్కన నేల మీద కూర్చున్నాను.

"పైగా నువ్వు కూడా రమ్మన్లేదు కదక్కా. అందరికీ అంటావు. నాకన్లేదు." నిష్ఠూరంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.

ఇరవై రెండేళ్ళలో నేను చాలామందిని కడిగాను, కట్లు కట్టాను, పోలీసుల దగ్గరికి తిప్పాను. ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఆ మొగుడు చెయ్యి విరిచాడు. ఆ చెయ్యి పట్టుకుని పరిగెత్తుకు రావలసిన గుమ్మాన్ని మూసింది నేను. పచ్చలైటు కోసం మూశాను.

ముందు ఐదో దిమ్మె ఆసుపత్రిలో కట్టు వేయించాను. మొగుడి మీద స్టేషన్లో కాగితం రాయించాను, ఈసారి నా చేత్తో. చెయ్యి విరగ్గొట్టాడు అని రాశాను. చేతిపని అనుకోవడానికి ఎవరికీ సందు లేకుండా.

తిరుగు పంటులో ఉండగా ధీరజ్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"మేడమ్, ముందు గుమ్మంలోంచి తీసుకొస్తే పునఃప్రవేశం కింద పడుతుంది. ఒక పునఃప్రవేశం నాలుగు ఎరుపులతో సమానం. మీకు వెనక గుమ్మం ఉందా?"

"ఉంది."

"అక్కడ చెవి లేదు కదా. నేనేమీ అనలేదు, మీరేమీ వినలేదు."

మంచివాడే. మా మేలు కోరే చెప్పాడు. వెనక గుమ్మం పక్కన చెత్త డబ్బాలు ఉంటాయి, పాచి నేల జారుతుంది. నూకరత్నం నా పక్కన కట్టు వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫోన్లో మాటలు దానికీ వినపడ్డాయి.

"ఎనకనుంచి వత్తానక్కా. నాకేం పర్లేదు."

"నాకు పర్లేదని ఎవరన్నారు" అన్నాను.

ముందు గుమ్మంలోంచే వచ్చాం. నేను ముందు దాటి, వెనక్కి తిరిగి, చెవి కిందే నిలబడి "రామ్మా నూకరత్నం, లోపలికి రా" అని గట్టిగా పిలిచాను. ఎర్రలైటు వెలిగింది. అప్పాయమ్మ పరిగెత్తుకొచ్చి ఆ పిల్ల తల తన గుండెకు ఆన్చుకుంది. తర్వాత నాతో మాట్లాడింది. వేణ్ణీళ్ళు పెట్టమంది.


సమీక్షకు తొమ్మిది రోజులు

ఈ రోజు ఇంకొకతె వెళ్ళాల్సి ఉంది. గుమ్మంలో నిలబడి పాఠం మొదలుపెట్టింది: "నేను వెళ్తున్నాను, ఇక..."

"ఆపు" అన్నాను. "మామూలుగా చెప్పు."

నన్నూ చెవినీ మార్చి మార్చి చూసింది. "ఎల్లొస్తానక్కా" అంది.

"వెళ్ళిరామ్మా. ఏ వేళైనా సరే, ఏ కారణమైనా సరే, కారణం లేకపోయినా సరే."

ఎరుపు. వెలగనీ. ఇదివరకు పచ్చలైటుతో వెళ్ళిన ముగ్గురికీ కూడా ఫోన్లు చేసి అదే మాట చెప్పాను. ఇద్దరు ఏడ్చారు. ఒకతె "ఇప్పుడు గుర్తొచ్చానా" అని తిట్టింది. పడ్డాను.


సమీక్షకు ఐదు రోజులు

నిధి ముందస్తు చర్యగా నీళ్ళు సగానికి తగ్గించింది. మిగతా సగం సంగతి సమీక్షలో తేలుస్తారట. అభ్యంతరాలుంటే వార్డెన్ స్వయంగా మెట్టకు వచ్చి కమిటీ ముందు చెప్పుకోవచ్చట. సాధారణంగా ఎవరూ రారు కాబట్టి వార్డెన్‌కు కుర్చీ కూడా వేయరని ధీరజ్ చెప్పాడు.

మధ్యాహ్నం వీరవేణి వచ్చింది. కుట్టుమిషను వీరవేణి. రెండు చేతుల్లో రెండు నీళ్ళ క్యాన్లు.

"వెళ్ళొస్తా అన్నాను కదండీ. రావడానికి ఇన్నాళ్ళు పట్టింది, కుట్టు ఆర్డర్లతో ఊపిరి సలపలేదు."

దాని వెనకాలే బడి పంతులమ్మ, ఆవిడ వెనక ఇంకొకతె. అందరూ నోటీసులో ఉన్న పంతొమ్మిది మందిలోవాళ్ళే. పోలయ్యగారు పంటు మీద కబురు చేరవేశారని తర్వాత తెలిసింది. చెవి ఒక్కొక్కరికీ పునఃప్రవేశం, పునఃప్రవేశం అంటూ ఎర్రగా వెలుగుతూనే ఉంది. తిరిగి వచ్చే ఉద్దేశం ఉందని అది రాసుకున్నది అబద్ధమేమీ కాదని నాకు అప్పుడు తోచింది. ఉద్దేశం ఉంది, వచ్చారు. దాన్ని ఓటమి అని పేరు పెట్టింది మాత్రం వేరేవాళ్ళు.

అయినా మొత్తం ఐదు క్యాన్లు. మా మందికి మూడు రోజులొస్తాయి. సంతోషంతో దాహం తీరదు. నేను అలసిపోయాను. ఈ వయసులో మళ్ళీ ఎవరికో మొదటి నుంచీ అన్నీ చెప్పాలంటే ఎముకలు నొప్పులు పుడుతున్నాయి.

కానీ వెళ్ళక తప్పదు.


సమీక్షకు రెండు రోజులు

పంటు మీద రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

మెట్టకు రెండు రోజుల దారి. ఒడ్డుకు వచ్చాక ఈ దిమ్మెలు దాటి నేనెక్కడికీ వెళ్ళలేదు. సంచిలో ఒక చీర, అప్పాయమ్మ కట్టిన పులిహోర, ఈ పుస్తకం. ఇన్నాళ్ళూ వాళ్ళు చదవలేదు కదా. బియ్యం నిండుకున్న రోజు నుంచి మొదలుపెట్టి నేనే చదివి వినిపిస్తాను. కుర్చీ లేకపోయినా పరవాలేదు, నిలబడి చదువుతాను. నూకరత్నం 'నాకన్లేదు' అన్న మాట కూడా వదలకుండా చదువుతాను.

పొద్దున బయల్దేరేటప్పుడు అందరూ గుమ్మం దగ్గరికి వచ్చారు. నాకు అలవాటు లేని పని. ఎప్పుడూ నేను లోపలివైపు నిలబడతాను. ఈసారి గడప అవతల నిలబడ్డాను, చెవి సరిగ్గా నెత్తిమీద ఉంది.

"వెళ్ళొస్తాను" అన్నాను.

"నిష్క్రమణ నమోదైంది" అంది చెవి. "తిరిగి వచ్చే ఉద్దేశం: ఉంది."

"ఉంది. రాసుకో" అన్నాను.

నూకరత్నం కట్టు చెయ్యి ఎడమచేత్తో పట్టుకుని, నేను ఎప్పుడూ నిలబడే చోట నిలబడి ఉంది. చెవి వైపు చూడలేదు. నన్నే చూసింది.

"ఎల్లిరా అక్కా" అంది.

ఇరవై రెండేళ్ళుగా ఆ గుమ్మంలో ఆ మాట ఎంతమందికి అన్నానో లెక్కలేదు. ఎవరైనా నాతో అనడం ఇదే మొదలు.